సాపుతారా ఘాట్‌లో కారు ఆగిన రోజు

ఈ వారం ఎథిక్స్ పేపర్‌లో 'ఇంటెగ్రిటీ' గురించి రాస్తానని మాటిచ్చాను. నోట్స్ సిద్ధంగానే ఉన్నాయి. నిర్వచనం ఉంది, ఇద్దరు ముగ్గురు ఆఫీసర్ల ఉదాహరణలు ఉన్నాయి, చివర్లో ఒక డయాగ్రమ్ కూడా గీశాను. కానీ అవి మీ ముందు పెట్టేలోపు ఒక సంగతి చెప్పుకోవాలి. అది చెప్పకుండా ఇంటెగ్రిటీ మీద నోట్స్ పెడితే నాకే సిగ్గుగా ఉంటుంది. ఇది 2024 దీపావళి సెలవుల్లో జరిగింది. చదివాక ఆ నోట్స్ కావాలో వద్దో మీరే చెప్పండి.

కొత్తగా చదువుతున్నవాళ్లకి నా గురించి నాలుగు ముక్కలు. మాది సిరిసిల్ల వైపు నుంచి బతకడానికి సూరత్ వచ్చిన పద్మశాలి కుటుంబం. లింబాయత్‌లో ఉంటాం. బాపు పవర్‌లూమ్ కార్ఖానాలో పని చేస్తాడు. మా గల్లీలో నిలబడితే గుజరాతీ కంటే తెలుగు, మరాఠీ ఎక్కువ వినిపిస్తాయి. నేను ప్రాథమిక చదువు మున్సిపల్ కార్పొరేషన్ వాళ్ల తెలుగు మీడియం బడిలోనే చదివాను. (సూరత్ కార్పొరేషన్ తెలుగు, ఒడియా, ఉర్దూ సహా ఏడు భాషల్లో బడులు నడుపుతుంది. భాషాపరమైన మైనారిటీల మీద ప్రశ్న వస్తే ఈ ఉదాహరణ వాడుకోండి, ఎవరూ రాయరు.) తర్వాత మెకానికల్ ఇంజనీరింగ్, ఆ తర్వాత అందరిలాగే ఇది.

మా బాపుకి ఐఏఎస్ పిచ్చి ఎలా పట్టిందో చెప్తే మిగతాది అర్థమవుతుంది. 1994 సెప్టెంబర్‌లో సూరత్‌కి ప్లేగు వచ్చినప్పుడు ఆయన ఇక్కడికి వచ్చి ఏడాది కూడా కాలేదు. ఊరంతా రైల్వే స్టేషన్‌కి పరిగెత్తింది. ఆయనా సిరిసిల్ల పారిపోయాడు. అక్కడ పని లేక రెండు నెలలకి మళ్లీ వచ్చాడు. 1995లో ఎస్.ఆర్. రావు గారు మున్సిపల్ కమిషనర్‌గా వచ్చారు. ఆఫీసర్లు ఏసీ గదులు వదిలి రోజూ గల్లీల్లో తిరగాలని నియమం పెట్టి, తనూ తిరిగి, రెండేళ్లలో ఈ ఊరిని చండీగఢ్ తర్వాత దేశంలో అంత శుభ్రమైన నగరం అని పేరొచ్చేలా చేశారు. మనకది కేస్ స్టడీ. మా బాపుకి అది కళ్లారా చూసిన సంగతి. నైట్ షిఫ్ట్ దిగి ఇంటికొస్తుంటే తెల్లవారకముందే చెత్త బండ్లు, వాటి వెనక ఆఫీసర్లు. "పేరు చూస్తే మనోడే" అని ఇప్పటికీ గర్వంగా చెప్తాడు. నేను పుట్టకముందే నా ఉద్యోగం ఖాయమైందన్నమాట.

2024 ప్రిలిమ్స్ జూన్ 16న జరిగింది. జీఎస్ బాగానే రాశాను. సీశాట్‌లో పోయాను. ఇంజనీరింగ్ చదివినవాడికి సీశాట్ ఏంటి అని నేను దాన్ని చూడను కూడా చూడలేదు. ఆ సాయంత్రం కీ పెట్టి లెక్కేసుకుంటే 30 కరెక్టు, 16 తప్పు. 75 లోంచి 13.33 తీసేస్తే 61.67. కావాల్సింది 66. కీలో రెండు ప్రశ్నలు అటూ ఇటూ అవుతాయేమోనని పదిహేను రోజులు ఆశపడ్డాను. జూలై 1న పీడీఎఫ్ వచ్చింది. నా నంబర్ లేదు.

అప్పుడే బాపు షిఫ్ట్ దిగి వచ్చాడు. చెప్పులు విడుస్తూనే అడిగాడు.

"అయిందారా?"

"అయింది బాపు" అన్నాను.

నేనన్నది ఈసారికి మన పని అయిపోయింది అని. ఆయనకి వినిపించింది పాసయ్యాను అని. మన భాషలో ఆ ఒక్క మాటకి రెండూ అర్థాలే. ఆయన మొహం చూశాక నాకు సరిదిద్దబుద్ధి కాలేదు. ఒక్క గంట ఆగి చెబుదామనుకున్నాను. గంటలో ఆయన అరకిలో జిలేబీ తెచ్చి గల్లీలో నాలుగిళ్లకి పంచేశాడు.

మీలో కొందరికి ఇది తెలుసు. ఇంట్లో ఒక మార్కు, బయట ఒక మార్కు చెప్పేవాళ్లు, కటాఫ్‌కి 'ఒక్క ప్రశ్న దూరంలో' ఆగామని ప్రతి ఏడాదీ చెప్పేవాళ్లు మనలో తక్కువేం లేరు. నేను ఇంకాస్త దూరం వెళ్లాను. సెప్టెంబర్ 20 నుంచి మెయిన్స్. మాకు సెంటర్ అహ్మదాబాద్. బాపు పన్నెండు వేలు చేతిలో పెట్టాడు. నా దోస్తు స్టేషన్‌కి వచ్చి రైలెక్కించాడు. 20, 21, 22, మళ్లీ 28, 29. మొత్తం ఐదు రోజుల పరీక్ష, పది రోజుల బస. పొద్దున్నే డార్మిటరీ నుంచి పెన్నులు పెట్టుకుని బయల్దేరేవాణ్ని. ఎల్లిస్ బ్రిడ్జ్ దగ్గర ఎం.జె. లైబ్రరీలో కూర్చునేవాణ్ని. తొమ్మిది నుంచి పన్నెండు, రెండున్నర నుంచి ఐదున్నర, అచ్చం పరీక్ష టైమింగ్స్. మొదటి రోజు ఎస్సే పేపర్ బయటికి రాగానే ఫోన్‌లో దించుకుని, అందులో అడవుల మీద వచ్చిన టాపిక్ తీసుకుని నిజంగానే రాశాను. బాగా వచ్చింది కూడా. ఇంటికి ఫోన్ చేసి "అడవుల మీద రాసిన, మంచిగొచ్చింది" అన్నాను. ఆ రోజు మొత్తంలో అబద్ధం కాని మాట అదొక్కటే.

ఇక దోస్తు సంగతి. వాడూ మా గల్లీవాడే. డిగ్రీ మధ్యలో మానేసి రింగ్ రోడ్ మార్కెట్‌లో వాళ్ల మేనమామ చీరల దుకాణంలో కూర్చుంటాడు. దీపావళికి మార్కెట్ మూస్తే మళ్లీ లాభ్ పాంచమ్‌కి గానీ తెరవరు. ఏడాదికి వాడికి దొరికే సెలవు అదే. "పరీక్ష రాసినంక నువ్వు ఇల్లు కదలలే, పద సాపుతారా పోదాం" అన్నాడు. వాళ్ల నాన్నది పదమూడేళ్ల పాత పెట్రోల్ కారు ఉంది. నవంబర్ 4, సోమవారం. కార్తీకంలో మొదటి సోమవారం. బయల్దేరేటప్పుడు అమ్మ తులసి దగ్గర దీపం పెట్టి, ఉపవాసం మొదలుపెట్టింది. నాలుగు సోమవారాలు ఉంటానని మొక్కుకుంది. దేనికో చెప్పక్కర్లేదు. మెయిన్స్ రిజల్ట్ డిసెంబర్‌లో వస్తుందని నేనే చెప్పాను.

సూరత్ నుంచి సాపుతారా 160 కిలోమీటర్ల చిల్లర. బార్డోలీ వైపు చెరకు తోటల మధ్య నుంచి ఉనాయ్, అక్కడి నుంచి వఘై. వఘైలో టీ తాగాం. బిలిమోరా నుంచి ఇక్కడికి ఒక నేరోగేజ్ లైన్ ఉంది. బరోడా గాయక్వాడ్ల కాలంలో, 1913లో వేసింది, డాంగ్ అడవుల టేకు దింపుకోవడానికి. వఘై దాటితే ఇక మొత్తం డాంగ్ జిల్లా. వానలు వెనక్కి తగ్గిన నెల కాబట్టి టేకు ఆకులు ఇంకా పెద్దగా, దుమ్ము లేకుండా ఉన్నాయి. గిరా జలపాతంలో నీళ్లున్నాయి. మా వాడు ఫోటోలు తీస్తున్నాడు. నేను వాడికి డాంగ్ గురించి చెప్తున్నాను. 1842లో బ్రిటిష్‌వాళ్లు ఇక్కడి భిల్లు రాజుల దగ్గర అడవి లీజుకి తీసుకున్నారని, ఆ ఐదు రాజ కుటుంబాలకి ఇప్పటికీ ప్రభుత్వం పెన్షన్ ఇస్తుందని, హోలీ ముందు ఆహ్వాలో డాంగ్ దర్బార్ పెట్టి మరీ ఇస్తారని. వాడు కళ్లు పెద్దవి చేసి వింటున్నాడు. "నీకు ఇంటర్వ్యూల ఇదే అడుగుతరు సూడు" అన్నాడు.

ఘాట్ మొదలైంది. వాడు గేర్ మార్చుతూ, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా, మెల్లగా చెప్పాడు. "నీ సూట్ గుడ్డ తీసిపెట్టిన. నేవీ బ్లూ. దుకాణంల మంచి మాల్ వచ్చింది, అమ్మనియ్యలే. ఢిల్లీ పోయే ముందు కుట్టిద్దాం."

నేను కిటికీ వైపు తిరిగి, మళ్లీ ఇటు తిరిగేసరికి టెంపరేచర్ ముల్లు కనిపించింది. సగం దాటింది. ఎప్పుడూ సగానికి కొంచెం కింద ఉండాల్సింది. రెండు మలుపులు దాటాక ముప్పావు. నేను మెకానికల్ ఇంజనీర్ని. అది ఏం చెప్తోందో నాకు తెలుసు. ఏసీ ఆపమని, పక్కకి తీసి ఆపమని ఒక్క మాట అంటే చాలు. కానీ కారు ఆపితే ఇద్దరం దిగుతాం, ఎదురెదురుగా నిలబడతాం, వాడు సూట్ సంగతి మళ్లీ ఎత్తుతాడు. కారు నడుస్తున్నంతసేపు వాడు రోడ్డు చూస్తాడు, నేను అడవి చూడొచ్చు. అందుకని ఊరుకున్నాను. ఇంకో మలుపు దాటితే దానంతటదే దిగుతుందేమో అని కూడా అనుకున్నాను. పీడీఎఫ్ వచ్చిన రోజు నుంచీ నేను బతుకుతున్నది ఆ 'ఇంకో మలుపు' మీదే.

ముల్లు ఎర్ర గీత తాకింది. బానెట్ కింద నుంచి పొగ, తియ్యటి కూలెంట్ వాసన. ఇంజిన్ ఒకసారి జర్క్ ఇచ్చి ఆగిపోయింది. మా వాడు ఎలాగో ఎడమ పక్క రాళ్ల గోడ దగ్గరికి చేర్చి హ్యాండ్‌బ్రేక్ వేశాడు. నేను వెనక చక్రాలకి రాళ్లు పెట్టాను. ఆ ఏడాది జూలైలోనే సూరత్ టూరిస్టుల బస్సు ఒకటి సాపుతారా ఘాట్‌లో లోయలో పడింది. ఇద్దరికీ అదే గుర్తొచ్చింది, ఎవరం అనలేదు. ఫోన్లలో సిగ్నల్ లేదు.

"ముల్లు ఎక్కింది నేన్ జూడలే" అన్నాడు వాడు. "నువ్వన్న సూడలేదారా?"

"సూసిన."

"మరి చెప్పవేంది?"

దానికి నా దగ్గర జవాబు లేదు.

గోడ మీద కూర్చున్నాం. ఇంజిన్ చల్లారాలంటే ముప్పావుగంటైనా పడుతుంది. కిందంతా టేకు, వెదురు. ఎక్కడో గొడ్డలి చప్పుడు. వాడు కాసేపటికి కోపం తగ్గించుకుని, మాట కలపడానికే అడిగాడు. "నువ్వు రాసిన గా అడవుల వ్యాసంల ఈ అడవి పెట్టినవా?"

పెట్టాను. నిజంగానే పెట్టాను, లైబ్రరీలో. డాంగ్ మీద ఒక పేరా మొత్తం రాశాను. "పెట్టిన" అని ఊరుకుంటే సరిపోయేది. ఎందుకు ఊరుకోలేకపోయానో ఇప్పటికీ తెలీదు. ముల్లు చూసి చెప్పలేదని అప్పటికే ఒప్పుకుని ఉన్నాను కదా, రెండోది దాని వెనకే వచ్చేసింది అనుకుంటా.

"నేను మెయిన్స్ రాయలేదురా" అన్నాను. "ప్రిలిమ్సే పోయింది."

వాడికి మొదట అర్థం కాలేదు. అహ్మదాబాద్ అన్నాడు. రైలెక్కించిన కదా అన్నాడు. నేను మొత్తం చెప్పాను. డార్మిటరీ, పెన్నులు, లైబ్రరీ టైమింగ్స్‌తో సహా. చెప్తుంటే, ఈ ఏర్పాట్లన్నిటికీ నేను పడ్డ శ్రమలో సగం సీశాట్‌కి పెట్టి ఉంటే పాసయ్యేవాణ్నని నాకే తట్టింది. వాడు తిట్టలేదు. తిడితే బాగుండేది. లేచి కారు దగ్గరికి వెళ్లి, బానెట్ ఎత్తి, సీటు మీద తువ్వాలు తీసుకుని రేడియేటర్ మూత మీద చెయ్యి వేశాడు.

నేను పరిగెత్తి వాడి మణికట్టు పట్టుకుని వెనక్కి లాగాను. మీరు కార్లు నడిపినా నడపకపోయినా ఇది తెలుసుకోండి. రేడియేటర్ లోపల నీళ్లు ఒత్తిడిలో ఉంటాయి కాబట్టి వంద డిగ్రీలు దాటినా మరగవు. మూత తిప్పగానే ఒత్తిడి పోతుంది, ఆ నీళ్లు ఒక్కసారిగా మరిగి ఆవిరితో సహా మొహం మీదికి చిమ్ముతాయి. ఇలా కాలినవాళ్ల మొహాలు పాతకాలం మెకానిక్‌లని అడిగితే చెప్తారు. మా వాడు చెయ్యి విడిపించుకుని "ఇదొక్కటి చెప్పినవ్ టైముకు" అన్నాడు. మళ్లీ గోడ దగ్గరికి పోయి నాకు వీపు పెట్టి కూర్చున్నాడు.

ఒక గంట దాకా రెండు మూడు టూరిస్టు కార్లు హారన్ కొట్టుకుంటూ పైకి పోయాయి, ఆగలేదు. ఆగింది కిందికి దిగుతున్న లారీ. వెనక మొత్తం మనుషులు. ఆడవాళ్లు, చంటిపిల్లలు, వంటగిన్నెలు, చుట్టిన చాపలు, రెండు మేకలు, ఒక కోడి. దీపావళి అయిపోగానే డాంగ్ నుంచి కుటుంబాలకి కుటుంబాలు దక్షిణ గుజరాత్ మైదానాలకి చెరకు కోతకి పోతాయి. ఎండాకాలం దాకా షుగర్ ఫ్యాక్టరీల చుట్టూ గుడారాల్లో ఉంటాయి. భార్య, భర్త కలిస్తే ఒక 'కోయితా' లెక్క. కోయితా అంటే చెరకు నరికే కత్తి. ముకద్దమ్ అడ్వాన్స్ ఇచ్చేది కత్తికి ఇంత అని. యాన్ బ్రెమాన్ అనే డచ్ సామాజిక శాస్త్రవేత్త ఈ దక్షిణ గుజరాత్ కూలీల మీద చాలా రాశాడు. ఆయన పేరు నా నోట్స్‌లో 'వలసలు' కింద ఉంది, పసుపు హైలైటర్‌తో. పొద్దున మేం దాటొచ్చిన తోటల్లోకే వీళ్లు పోతున్నారు. నేను ఆ లారీ చూడగానే నోట్స్ గుర్తొచ్చాయి. ఒక ముసలాయన దిగి బానెట్‌లోకి తొంగి చూస్తుంటే నేను గుజరాతీలో ఆయన్ని అడిగిన మొదటి ప్రశ్న ఏంటో తెలుసా? "మీరు కోట్వాళియాలా?" అని. గుజరాత్‌లో ఉన్న ఐదు పీవీటీజీల్లో అదొకటి, బట్టీపట్టాను కదా. ఆయన నవ్వి, కుణబీలం అని చెప్పి, మీ కారులో నీళ్లున్నాయా అని అడిగాడు.

లేవు. రెండు లీటర్ల బాటిల్ ఒకటి ఉంటే వఘైలోనే తాగేశాం.

ఆయన లారీ వైపు తిరిగి ఏదో అన్నాడు. ఒకావిడ నూనె డబ్బా ఒకటి కిందికి అందించింది. ఇంకొకావిడ ఇంకొకటి. ఐదు లీటర్లవి, దారిలో తాగడానికి నింపుకున్న నీళ్లు. పిల్లలు పైనుంచి చూస్తున్నారు. డ్రైవర్ మూత మీద తడిగుడ్డ వేసి, చెవి దగ్గర పెట్టి విని, ఇంకో పావుగంట ఆగమన్నాడు. తర్వాత సగం తిప్పి ఆవిరి పోనిచ్చి, పూర్తిగా తీశాడు. నీళ్లు కొంచెం కొంచెంగా పోశాడు. వేడి ఇంజిన్‌లో చన్నీళ్లు ఒకేసారి పోస్తే లోహం పగులుతుంది. ఒకటిన్నర డబ్బా పట్టింది.

"ఫ్యాన్ తిరుగుతోందా?" అని అడిగాడు నన్ను. ఇంజనీర్ అని మా వాడు అంతకుముందే చెప్పాడు, వెటకారంగానో అలవాటుగానో. నేను చూడలేదన్నాను. స్టార్ట్ చేసి ఏసీ వేస్తే తిరగాలి. తిరగలేదు.

అప్పుడు అర్థమైంది. హైవే మీద ఎనభైలో పోతుంటే ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లబరుస్తుంది, ఫ్యాన్ పని చేయకపోయినా ఎవరికీ తెలియదు. ఘాట్‌లో ఇరవైలో, రెండో గేర్‌లో, ఇంజిన్ ఎక్కువ కష్టపడుతున్నప్పుడు గాలి ఉండదు. ఫ్యాన్ ఒక్కటే దిక్కు. అంటే అది ఎన్ని రోజుల నుంచో పాడై ఉండొచ్చు. హీట్ ట్రాన్స్‌ఫర్‌లో నాకు ఎనభై రెండు మార్కులు. నసెల్ట్ నంబర్ ఇప్పుడు అడిగినా చెప్తాను. కానీ ఆ కారులో ఫ్యూజ్ బాక్స్ ఎక్కడుందో డ్రైవర్ చూపిస్తే చూశాను. ఆయన అందులో అగ్గిపెట్టెలో సగమున్న నల్ల డబ్బీ లాంటి రిలే ఒకటి పీకాడు. పక్కనే ఏసీకి ఉన్నదీ అలాంటిదే. దాన్ని తీసి ఫ్యాన్ చోట గుచ్చాడు. ఇంజిన్ కాస్త వేడెక్కగానే ఫ్యాన్ బర్రుమని తిరిగింది. లారీ మీద పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఏసీ మర్చిపోండి, పైకి పోకండి, వెనక్కి దిగండి అన్నాడు. ముల్లు మళ్లీ ఎక్కితే హీటర్ ఫుల్‌లో పెట్టి కిటికీలు తీసెయ్యమన్నాడు. హీటర్ అంటే ఇంజిన్ వేడిని లోపలికి లాగే ఇంకో చిన్న రేడియేటరే. ఇదీ నేను చదివిందే. డబ్బులిస్తే డ్రైవర్ తీసుకోలేదు. ముసలాయనకి మా వాడు ఐదొందలు జేబులో కుక్కబోతే ఆయన చెయ్యి పక్కకి నెట్టి, నీళ్లకి ఎవరన్నా డబ్బు తీసుకుంటారా అన్నాడు. మిగిలిన డబ్బాలు పైకి అందుకుని ఎక్కేశాడు.

వాళ్ల వెనకాలే దిగాం, కిటికీలు తీసి, ఫస్ట్‌లో, సెకండ్‌లో, బ్రేక్ తక్కువ వాడుతూ. ముందు లారీ, వెనక తలుపు మీది నుంచి పిల్లల మొహాలు. ఖాళీ డబ్బా ఒకటి తాడుకి కట్టి ఉంది, ప్రతి మలుపులో ఊగుతోంది. వఘై వస్తే ఆపి రెండు నీళ్ల క్యాన్లు కొని ఇచ్చేద్దామనుకున్నాం. వఘైలో వాళ్లు ఆగలేదు. మేం దుకాణం ముందు ఆపి, క్యాన్లు తెచ్చి, డిక్కీలో పెట్టుకుని బయల్దేరేసరికి లారీ లేదు. వాంస్‌దా వైపు తిరిగితే గందేవి పోవచ్చు, ఇటు తిరిగితే బార్డోలీ పోవచ్చు. ఏ ఫ్యాక్టరీకో మేం అడగనే లేదు. ఉనాయ్ దాకా కనిపిస్తుందేమోనని వేగంగా పోనిచ్చాడు. కనిపించలేదు. ఆ క్యాన్లు సూరత్ దాకా డిక్కీలో దొర్లుతూనే వచ్చాయి.

బార్డోలీ దాటాక మా వాడు అప్పటిదాకా పట్టిన మౌనం విడిచాడు.

"ఇంట్ల ఎప్పుడు చెప్తవ్?"

"చూస్తా."

"సూసుడు కాదు. ఇయ్యాల చెప్పు. నువ్వు చెప్పకుంటే నేను చెప్త."

"అమ్మ ఉపాసం ఉన్నదిరా."

ఇక్కడ నిజమైన చిక్కు వచ్చింది. చెబితే ఆవిడ తిండి ముట్టదేమో. చెప్పకపోతే నా అబద్ధం కోసం రోజంతా కడుపు మాడ్చుకుని, ఆ అబద్ధానికే దీపం పెట్టి తింటుంది. ఎథిక్స్ పేపర్‌లో కేస్ స్టడీ ఇలాగే ఇస్తారు. ఆప్షన్ ఒకటి, రెండు, మూడు, ఒక్కోదాని మంచి చెడ్డలు, చివర్లో నేను తీసుకునే నిర్ణయం. మేమిద్దరం కడోదరా దాకా వాదించుకున్నాం. తిన్నాక చెప్పమని వాడు, తినేముందే చెప్పాలని నేను. తమాషా ఏంటంటే, నాలుగు నెలలు దాచినవాణ్ని నేను. ఇప్పుడు గంటసేపు కూడా ఆగలేనన్నదీ నేనే.

ఏడవుతుండగా గల్లీలోకి వచ్చాం. బాపు గడప ముందు కూర్చుని ఉన్నాడు. అమ్మ మేడ మీద, నక్షత్రం కోసం. కారు నుంచి ఇంకా కాలిన వాసన వస్తోంది. బాపు లేచి వచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాడు. మగ్గాలు అలాగే చూస్తాడు, మోటారు మీద అరచెయ్యి పెట్టి.

"ఏమైందిరా?"

మా వాడు నన్ను చూశాడు. రిలే సంగతి, ఫ్యాన్ సంగతి చెప్పాడు, రెండు ముక్కల్లో. చెప్పి, క్యాన్లు దింపే మిషతో వెనక్కి పోయాడు.

నేను చెప్పాను. 'అయింది' అన్న మాట దగ్గర మొదలుపెట్టి, అహ్మదాబాద్ దాకా. నిలబడే చెప్పాను. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. పక్కింటివాళ్ల టీవీ వినిపిస్తోంది. అయిపోయాక చాలాసేపు బానెట్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

"మరి గా పది దినాలు యాడ తిన్నవ్?" అన్నాడు.

డార్మిటరీ కింద ఒక మెస్ ఉందని చెప్పాను. పైసలు సరిపోయినయా అని అడిగాడు. నాలుగు వేలు మిగిలాయని, ఖర్చు పెట్టలేదని చెప్పాను. తలూపాడు. "మీ అమ్మకు నేను చెప్త, తిన్నంక" అన్నాడు. నేనే చెప్తానన్నాను. ఆయన వద్దనలేదు.

ఆవిడ కిందికి దిగి దీపం పెట్టింది. విస్తరి వేసుకుంటుంటే ఎదురుగా కూర్చుని చెప్పాను, తినేముందే. నా మొహం వైపు కాసేపు చూసింది. తర్వాత ఇంకో విస్తరి తెచ్చి నా ముందు వేసింది. ఇద్దరం తిన్నాం. ఏమీ మాట్లాడుకోలేదు.

ఆ డిసెంబర్‌లో మెయిన్స్ రిజల్ట్ వచ్చినరోజు మా ఇంట్లో ఎవరూ దాని గురించి ఎత్తలేదు. నాలుగు వేలు బాపుకి తిరిగిచ్చేశాను. మిగతా ఎనిమిది వేలకి ట్యూషన్లు చెప్పుకున్నాను, ఎనిమిదో తరగతి లెక్కలు, పొద్దున్నే. ఆ ట్యూషన్ పుణ్యమాని సీశాట్ భయం పోయిందన్నది వేరే కథ. మా వాడు రెండు నెలలు నాతో సరిగ్గా మాట్లాడలేదు. సంక్రాంతికి, ఇక్కడ ఉత్తరాయణ్ అంటారు, గాలిపటాలు పట్టుకుని వాడే మా మేడ ఎక్కాడు. నేవీ బ్లూ గుడ్డ ఏమైందని నేను అడగలేదు, వాడూ చెప్పలేదు.

కార్తీకంలో మిగిలిన మూడు సోమవారాలూ అమ్మ ఉపవాసం ఉంది.